క్యాష్‌బ్యాక్ కార్డు తీసుకునే ముందు ఇంటి ఖర్చుల లెక్క చూడండి

క్రెడిట్ కార్డు కావాలా అని ఫోను చేసేవారు అయిదు శాతం క్యాష్‌బ్యాక్‌తోనే మాట మొదలుపెడతారు. ఆ అయిదు శాతం వేటి మీద వస్తుంది, నెలకు ఎంత వరకు వస్తుంది, ఏ ఖర్చులకు అసలు రాదు అన్న సంగతులు మాత్రం మనం గుచ్చి గుచ్చి అడిగితే తప్ప బయటికి రావు. అందుకే ఏ కార్డు మంచిదని మా బంధువులెవరైనా అడిగితే, ముందు గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తీసి డబ్బు ఎటు పోతోందో చూసుకోమంటాను.

హైదరాబాదులో అద్దెకుంటూ నెలకు 50,000 రూపాయలు ఖర్చుపెట్టే కుటుంబాన్ని ఊహించుకుందాం. అద్దెకు 18,000, పిల్లల ఫీజులకు 8,000, కరెంటు, గ్యాస్, పెట్రోలుకు 6,000, వీధి చివరి దుకాణంలో యూపీఐతో కొనే పాలు, కూరగాయలు, కిరాణాకు 10,000 పోగా, ఆన్‌లైన్ కొనుగోళ్లకు మిగిలేది 8,000. అద్దె, పెట్రోలు, కరెంటు బిల్లు, వ్యాలెట్‌లో వేసుకునే సొమ్ము వంటి వాటికి చాలా కార్డులు క్యాష్‌బ్యాక్ ఇవ్వవు. కార్డుతో అద్దె కడితే ఎదురు రుసుము కూడా పడుతుంది. కాబట్టి ప్రకటన చదివి నెలకు 2,500 వస్తాయనుకున్న ఈ ఇంటికి నిజంగా వచ్చేది ఆన్‌లైన్ ఖర్చు 8,000 మీద అయిదు శాతం, అంటే 400 రూపాయలే.

ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డునే తీసుకుంటే, దాని వార్షిక రుసుము 999 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 1,179. ఏడాదికి వచ్చే 4,800లో అది తీసేస్తే 3,600 పైచిలుకు మిగులుతుంది. ఇది మంచి లాభమే, కాదనను. అయితే ఏడాదికి రెండు లక్షలు ఖర్చుచేస్తే ఆ రుసుము మాఫీ అవుతుందని, లక్షన్నర దగ్గర ఉన్నవారు అవసరం లేని సామాను యాభై వేలకు కొనడం ఏ విధంగానూ సబబు కాదు. కొనుగోళ్లన్నీ అమెజాన్‌లోనే చేసేవారికి వార్షిక రుసుమే లేని అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డు సరిపోతుంది; అందులో ప్రైమ్ సభ్యులకు అయిదు శాతం, మిగతావారికి మూడు శాతం వస్తుంది.

నాకు నిజంగా ఆందోళన కలిగించేది బిల్లులో కనిపించే రెండు అంకెలు. మొత్తం బకాయి 30,000 అని ఒకచోట, దాని పక్కనే మినిమమ్ డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సిన సొమ్ము, 1,500 అని ఉంటుంది. ఆ 1,500 కట్టి ఈ నెల గండం గడిచిందనుకునేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. మిగిలిన 28,500 మీద నెలకు మూడున్నర శాతం చొప్పున, జీఎస్టీతో కలిపి, దాదాపు 1,177 రూపాయల వడ్డీ పడుతుంది. అంటే పైన చెప్పిన కుటుంబానికి మూడు నెలలలో వచ్చే క్యాష్‌బ్యాక్ దాదాపు అంతా ఒక్క నెల వడ్డీకే పోతుంది. పైగా పాత బకాయి ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ లెక్కకడతారు. కార్డుల వడ్డీ 30 శాతం దాటరాదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది కనుక, ఆ రక్షణ కూడా ఇప్పుడు లేదు.

అందువల్ల కార్డు చేతికి రాగానే మొత్తం బకాయికి ఆటోపే పెట్టుకోవాలి, మినిమమ్ డ్యూకు కాదు. ఈ తేడా గమనించకుండా మొదటి ఐచ్ఛికాన్ని నొక్కేసేవారు చాలామంది ఉంటారు. బిల్లు తేదీ జీతం తేదీకి కుదరకపోతే దాన్ని మార్చుకునే వీలు రిజర్వు బ్యాంకు నిబంధనలలో ఉంది. ఏటీఎంలో ఈ కార్డుతో నగదు తీయకూడదు; రుసుము వెంటనే పడుతుంది, వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది.

ఏడాది చివర వచ్చిన క్యాష్‌బ్యాక్‌ను, కట్టిన రుసుమును పక్కపక్కన వేసి చూసుకుని, మిగులు లేకపోతే కార్డు మూసేయమని రాతపూర్వకంగా కోరవచ్చు. బకాయి ఏమీ లేకపోతే ఏడు పనిదినాలలో మూసేయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే మనకు చెల్లించాలని అదే నిబంధనలలో రాసి ఉంది.