చీమకుర్తి క్వారీలో సిగ్నల్ వేట

టవర్ లేకుండా రేడియోలే ఒకదానికొకటి కబురు అందించుకునే అడ్ హాక్ నెట్‌వర్కుల మీద వచ్చే పరిశోధన పేపర్లలో చాలావాటికి నేల చదును. ఒక చతురస్రం గీసి, అందులో నోడ్లను, అంటే ఆ రేడియోలను, ఇష్టమొచ్చిన వైపు తిరగనిస్తారు. రాండమ్ వేపాయింట్ అనే ఈ మోడల్ 1990ల నుంచీ వాడుకలో ఉంది. లెక్కకు సుఖమే గానీ, మా ఒంగోలు పక్కన చీమకుర్తి క్వారీలో ఒక్క పూట కూడా నిలవదు.

అక్కడ గెలాక్సీ గ్రానైట్ కోసం కొండంత లోతు మెట్లు మెట్లుగా కోసుకుంటూ దిగుతారు. టిప్పర్లకు దారి ర్యాంప్ ఒక్కటే. గోడల మీద బంగారు చుక్కలు మెరుస్తుంటే చూడ్డానికి బాగుంటుంది, రేడియోకి మాత్రం ఉత్త అడ్డం. టవర్‌తో పనిలేకుండా బండ్లే ఒకదాని నుంచి ఒకదానికి కబురు అందించుకోవాలని టిప్పర్లకీ పొక్లెయిన్‌కీ 866 మెగాహెర్ట్జ్ రేడియోలు కట్టి చూస్తున్నాం.

లింకు తెగేది వేగం వల్లే అనుకుంటాం. లోడుతో టిప్పర్ ఎక్కేదే నత్తనడక. అయినా మలుపులో రాతిగోడ చాటుకు పోగానే పుటుక్కున తెగుతుంది. కబురుకి దారి వెతికే ఏఓడీవీ ప్రోటోకాల్, పక్క నోడ్లు 'ఉన్నాను' అని పంపే హలోల మీదే ఆధారపడితే, మామూలు సెట్టింగులో రెండు సెకన్ల దాకా పక్క నోడ్ పోయిందని ఒప్పుకోదు. ఈలోపు పంపినవన్నీ గోడపాలే.

"ఆ మలుపు దిగితే ఫోనే పలకదు, మీ డబ్బా ఏం పలుకుద్ది సార్" అన్నాడు డ్రైవర్. పలికింది, పైన అంచు మీద ఇంకో టిప్పర్ ఆగి ఉన్నప్పుడు. దానికి గుంత అడుగూ కనపడుతుంది, ఆఫీసు షెడ్డూ కనపడుతుంది. అది కదిలిందా, దారి పోయినట్టే. అందుకే దారి లేనప్పుడు మెసేజ్ పారేయకుండా దాచుకుని, అంచెక్కాక పంపే పద్ధతికే నా ఓటు. డీజిల్ లెక్క లాంటి కబురు కాస్త ఆలస్యమైతే కొంపలేం మునగవు. బ్లాస్టింగ్ హెచ్చరికకి మాత్రం సైరనే ఉండాలి.

ఇంకో తంటా, ఇక్కడ నేల కూడా కుదురుగా ఉండదు. వేస్ట్ రాయి పోసే డంపు నెలనెలా పెరుగుతుంది. ఈ ఫ్రీక్వెన్సీలో కిలోమీటరు లింకుకు నడిమధ్యలో ఫ్రెనెల్ జోన్ (సిగ్నల్ దారి చుట్టూ దానికి కావాల్సిన జాగా) వ్యాసార్ధం 9 మీటర్ల పైనే. అందులో కనీసం 60 శాతం ఖాళీగా ఉండాలి. షెడ్డు కంటికి కనపడుతున్నా డంపు ఆ జాగాలోకి వస్తే సిగ్నల్ నీరసిస్తుంది. వేసవిలో గలగలా పలికిన లింకు దసరాకి మొరాయించింది. షెడ్డు మీది పైపుకి ఇంకో ముక్క అతికించి యాంటెన్నా ఎత్తించాం. డంపు సంగతి ఎత్తితే, "ఆ రాయి ఇంకెక్కడ పోయమంటారు సార్" అంటాడు సూపర్‌వైజర్.