అల్లుడుగారి అలక తీరేదాకా: కాపర్‌బ్యాండ్ చేపకు గుళికల మేత

విశాఖపట్నంలో మా ఇంట్లో ఉప్పునీటి తొట్టె పెట్టి చాలా ఏళ్లయింది. ఇన్నాళ్లూ కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై జోలికి మాత్రం పోలేదు. తెల్లటి ఒంటి మీద నారింజ పట్టీలు, వీపు రెక్క చివర కన్నులాంటి నల్లమచ్చ, పట్టకారులా ముందుకు సాగిన మూతి. దుకాణంలో చూసినవాళ్లకు కొనాలనిపించక మానదు. కానీ తెచ్చిన మూడు వారాలకే డొక్క లోపలికి పోయి చచ్చిపోయిందని చెప్పేవాళ్లే నాకు ఎక్కువగా తగిలారు. దాని శాస్త్రీయ నామం చెల్మోన్ రోస్ట్రేటస్. రోస్ట్రేటస్ అంటే ముక్కు గలది అని. ఆ ముక్కుతో పగడపు రాళ్ల సందుల్లోంచి పురుగులను, చిన్న చిన్న జీవులను లాగి తింటుంది. నీళ్లలో తేలుతూ వచ్చేదాన్ని అది అంత తేలిగ్గా తిండిగా లెక్కపెట్టదు.

అలాంటి చేపకు గుళికలే (దుకాణంలో దొరికే ఎండు మేత) తినిపించాలన్న పట్టుదల ఎందుకని అడిగితే రెండు కారణాలు చెప్పగలను. మన దేశంలో పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది కాబట్టి నా తొట్టెలో ఉన్నవన్నీ కృత్రిమంగా చేసిన రాళ్లే. సముద్రపు రాతిలో దొరికే పురుగులు వీటిలో ఉండవు, చేప తినే ప్రతి మెతుకూ నేనే వేయాలి. రెండోది కరెంటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని ఊడ్చేసిన తరువాత మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పట్లో నాకున్నవి మంచినీటి చేపలే, అయినా ఫ్రీజర్‌లో దాచిన మేతంతా కుళ్లిపోయింది. గడ్డకట్టించిన మేత మీదే బతికే చేపను ఈ ఊళ్లో పెంచకూడదని అప్పుడే అనుకున్నాను.

చేపను కొనడానికి మూడు వారాల ముందే పని మొదలుపెట్టాను. భీమిలి వైపు రొయ్యల హేచరీలో పనిచేసే తెలిసినాయన అరచేతిలో పట్టేన్ని ఆర్టీమియా (ఉప్పునీటిలో బతికే చిట్టి రొయ్యలాంటి జీవి) గుడ్లు ఇచ్చారు. రొయ్య పిల్లలకు వేసే ముఖ్యమైన తిండి అదే కాబట్టి మన తీరంలోని హేచరీల్లో ఆ డబ్బాలు మామూలుగానే ఉంటాయి. చాలావరకు అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ సరుకు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టి, లీటరుకు 25 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లు పోసి, లీటరుకు ఒక గ్రాము గుడ్లు వేశాను. గాలి గొట్టం మూతి దాకా దించి, పైన దీపం పెట్టాను. నీళ్లు 28 డిగ్రీలు. మర్నాటికల్లా నారింజ రంగు పొగలా పిల్లలు. గాలి ఆపితే పెంకులు పైకి తేలతాయి, పిల్లలు అడుగున వెలుతురున్న చోట గుమిగూడతాయి. కొన్నింటిని బాల్కనీలో టబ్బులో వేసి స్పిరులినా పొడి మీద పెంచాను. మూడు వారాల్లో సెంటీమీటరు దాకా ఎదిగాయి.

చేపను ఎంచుకోవడానికి దుకాణానికి నాలుగుసార్లు తిరిగాను. చూడాల్సింది రంగు కాదు, తల వెనక భాగం. అక్కడ గుంట పడితే కండ కరిగిపోయినట్టే, దాన్ని తెచ్చుకోకూడదు. నాకు దొరికింది తొమ్మిది సెంటీమీటర్లది. దుకాణం ఆయన అన్నీ తింటుందన్నాడు. వేసి చూపించమంటే బతికున్న ఆర్టీమియా మాత్రమే వేశాడు. సరే, అదైనా తిన్నది.

1వ రోజు. పెద్ద తొట్టెలో కాకుండా విడిగా 80 లీటర్ల తొట్టెలో వేశాను. అడుగున ఇసుక లేదు. స్పాంజి ఫిల్టర్, దాక్కోవడానికి మూడు పీవీసీ గొట్టం ముక్కలు, మూడు వైపులా నల్ల కాగితం. నీటి సాంద్రత 1.025, వేడి 26 డిగ్రీలు. జబ్బులేవైనా ఉంటే బయటపడతాయని ఎటూ విడిగా ఉంచాలి, పైగా ఇక్కడ తిండికి పోటీపడే క్లౌన్ చేపలు ఉండవు. సాయంత్రం టబ్బులో పెంచిన ఆర్టీమియా వేస్తే కన్నెత్తి చూడలేదు. మా అమ్మ వచ్చి చూసి, ‘కొత్త అల్లుడు అలకపాన్పు ఎక్కినట్టుంది’ అంది. అప్పటి నుంచి ఇంట్లో దాని పేరు అల్లుడుగారు.

2, 3 రోజులు. బతికున్న ఆర్టీమియా తిన్నారు. కరిగించిన మైసిస్ రొయ్యలు వేస్తే దగ్గరకు వచ్చి, ఒక కన్నుతో ఒకసారి, రెండో కన్నుతో ఒకసారి చూసి, వెనక్కి వెళ్లిపోయారు.

4వ రోజు. ఇక్కడ నేను చేసిన తప్పు రాయాలి. ఆకలేస్తే అదే తింటుందన్న మాట నమ్మి ఆ రోజంతా ఏమీ వేయకుండా మైసిస్ మాత్రమే చూపించాను. డామ్సెల్, క్లౌన్ లాంటి చేపలకైతే ఆ మొండి వైద్యం పనిచేస్తుంది. ఇది రోజంతా కొద్దికొద్దిగా పొడుచుకు తినే చేప, కడుపులో నిల్వ ఉండదు. మర్నాటికే కదలిక తగ్గింది. వెంటనే ఆర్టీమియా వేశాను. మళ్లీ ఎప్పుడూ పస్తు పెట్టలేదు. కొత్త మేత పరీక్ష పొద్దున, అలవాటైన మేత మధ్యాహ్నం, సాయంత్రం. ఈ వరస చివరిదాకా మార్చలేదు.

7వ రోజు. ఆల్చిప్పలు. చేపల మార్కెట్లో పచ్చ పెంకువి దొరికాయి. హార్బరు గోడలకు అంటుకున్నవి మాత్రం తీసుకోవద్దు. అవి నీటిని వడగట్టి బతికే జీవులు, ఓడల దగ్గరి మురికంతా వాటి ఒంట్లోనే ఉంటుంది. తెచ్చినవాటిని వారం పాటు ఫ్రీజర్‌లో ఉంచి (ఇందుకు ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ అనవసరం), కరిగించి, కడిగి, ఒక చిప్ప మాంసంతో సహా దారానికి కట్టి అడుగున దించాను. నలభై నిమిషాలు చుట్టూ ప్రదక్షిణాలు. తరువాత మూతి చిప్ప అంచులోకి దూర్చి ఒక్క పోటు పొడిచారు. ఆపైన గంటలో సగం ఖాళీ.

అసలు కిటుకు నాకు అప్పుడు తట్టింది. మాంసం మధ్యలో మెత్తగా, నిండుగా ఉన్నా దాన్ని వదిలేసి, అంచున చిప్పకు కరుచుకుని ఉన్న పీచునే లాగుతున్నారు. సందులోంచి లాగితేనే అది ఆయనకు తిండి. గుళిక రుచి గురించి నేను తల బద్దలు కొట్టుకుంటుంటే, ఆయన చూస్తున్నది అది ఎక్కడ ఉందని. కాబట్టి గుళిక కూడా సందులోంచే రావాలి.

10వ రోజు. వెల్లుల్లి రసం ప్రయోగం. చాలామంది చెప్పారని గుళికలు నానబెట్టి వేశాను. గది వాసన వచ్చింది, చేప మాత్రం రాలేదు. ఇంకో చేపకు పనిచేస్తుందేమో గానీ ఈ చేప దగ్గర దండగ.

12వ రోజు. ముద్ద చేయడం మొదలు. వంద గ్రాముల ఆల్చిప్ప మాంసం మిక్సీలో ఒక్క తిప్పు తిప్పాలి. మరీ మెత్తగా అయితే నీళ్లలో పాలలా విరుగుతుంది. మునిగే రకం గుళికలను పొడి చేసి ఇరవై గ్రాములు కలపాలి. వంద మిల్లీలీటర్ల నీళ్లలో మూడు గ్రాముల చైనా గ్రాస్ పొడి వేసి పూర్తిగా కరిగేదాకా మరిగించి, వేలు పెట్టగలిగే వేడికి వచ్చాక పై ముద్దలో పోసి గబగబా కలపాలి. ఇంకా చల్లారనిస్తే గిన్నెలోనే గడ్డకడుతుంది, మరుగుతుండగా పోస్తే మేతలోని విటమిన్లు దెబ్బతింటాయి. చైనా గ్రాస్ ఒకసారి గడ్డకట్టాక తొట్టె నీటి వేడికి కరగదు, అందుకే జెలటిన్ జోలికి పోలేదు. ఆ ముద్దను చిప్పల్లోకి అదిమి, ఫ్రిజ్‌లో పెట్టాను. మొదటి చిప్ప పదిహేను నిమిషాల్లో ఖాళీ. ఆల్చిప్పే అనుకున్నారు పాపం.

12 నుంచి 24 దాకా. నాలుగైదు రోజులకోసారి గుళికల పొడి పెంచుతూ, మాంసం తగ్గిస్తూ పోయాను. వందకు నలభై పాళ్ల దాకా ఇబ్బంది లేదు. అరవైకి వెళ్లిన రోజు పొడిచి, ఉమ్మి, మళ్లీ పొడిచి, ఉమ్మి, గొట్టం వెనక్కి వెళ్లిపోయారు. నలభైకి దిగి, మూడు రోజులాగి, యాభై, ఆ తరువాత అరవై. ఈసారి తిన్నారు. ఈ రోజుల్లో నీళ్ల పని ఎక్కువ. మిగిలిన ముద్దను అరగంటలో తీసేయాలి. ఒక సాయంత్రం మరిచిపోయి బయటకు వెళితే మర్నాటికి అమ్మోనియా 0.25 చూపించింది. వెంటనే ముప్పై శాతం నీళ్లు మార్చాను. అప్పటి నుంచి ఫోనులో అలారం.

25వ రోజు. రెండో తప్పు. చిప్పకు బదులు, వేలు మందం రంధ్రాలున్న సిరామిక్ రాతిలో ముద్ద అదిమాను. అదే రోజు గుళికల రకం కూడా మార్చాను. రెండు రోజులు ముట్టలేదు. రాయి నచ్చలేదో, గుళిక నచ్చలేదో తెలుసుకునే దారి నేనే మూసేసుకున్నాను. పాత గుళికలకు తిరిగి వచ్చి, రాతిని మాత్రం ఉంచితే మూడో రోజుకు తిన్నారు. అంటే తంటా గుళికది.

30వ రోజు. ముద్దలో పొడితో పాటు విడి గుళికలు కూడా. ఒక మిల్లీమీటరు సైజువే కొనాలి. ఆ మూతికి రెండు మిల్లీమీటర్లవి పట్టవు. పట్టినా మింగలేక ఉమ్మేస్తే, చేపకు నచ్చలేదని మనం పొరబడతాం. వేసే ముందు ఆల్చిప్ప కరిగిన నీళ్లలో పది నిమిషాలు నానబెడితే గట్టిదనం పోతుంది.

33వ రోజున లెక్క పెట్టాను: నోట్లోకి తీసుకున్నవి పదకొండు, ఉమ్మినవి తొమ్మిది. 36న పద్నాలుగులో ఆరు ఉమ్మారు. 38న ఉమ్మినవి రెండే. ఉమ్మడాన్ని చూసి నిరాశపడనక్కర్లేదు. అసలు నోట్లోకి తీసుకోకపోవడం వేరు, తీసుకుని తేల్చుకోవడం వేరు.

40వ రోజు. ముద్ద లేకుండా, నానిన గుళికలను సూది తీసేసిన ఇరవై మిల్లీలీటర్ల సిరంజితో నేరుగా రాతి రంధ్రాల్లోకి ఎక్కించాను. ఏరుకుని తిన్నారు. జారి అడుగున పడినవాటిని పట్టించుకోలేదు. అదే గుళిక, రెండంగుళాల అవతల ఉంటే తిండి కాదు!

ప్రతి ఆదివారం పక్కనుంచి, ఎదురుగా ఫొటో తీసి పోల్చుకున్నాను. తల వెనక భాగం నిండింది, డొక్క చదునుగా కాకుండా కాస్త ఉబ్బెత్తుగా ఉంది. కళ్లతో రోజూ చూస్తుంటే ఈ మార్పు పట్టుబడదు.

46వ రోజు. పెద్ద తొట్టెలోకి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, నీళ్లు నాలుగు వందల లీటర్లు. ఈ చేప ఇరవై సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అంతకంటే చిన్న తొట్టె దానికి జైలే. అందులోని డామ్సెల్ రౌడీ కాబట్టి, రంధ్రాలున్న పారదర్శకమైన పెట్టెలో మూడు రోజులు ఉంచి, ఒకరి మొహం ఒకరికి అలవాటయ్యాక వదిలాను. పాత సిరామిక్ రాయి కూడా వెంట వెళ్లింది, సారె పెట్టి పంపినట్టు.

52వ రోజు. క్లౌన్ చేపలకు వేసిన గుళికలు నీళ్లలో దిగుతుంటే, అల్లుడుగారు రాయి వదిలి ముందుకు వచ్చి, దిగుతున్న గుళికను మధ్యలోనే అందుకున్నారు. ఒకటి. మళ్లీ ఒకటి. నేను కుర్చీలోంచి లేవకుండా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. నాలుగు తిన్నాక మళ్లీ రాతి దగ్గరకు వెళ్లిపోయారు.

ఇప్పుడు 70 దాటింది. పొద్దున, సాయంత్రం గుళికలు, మధ్యాహ్నం వీలైతే ముద్ద, ఆదివారం ఆర్టీమియా. టబ్బు ఇంకా తీసేయలేదు, జబ్బు చేసి తిండి మానేస్తే మొదటి మెట్టు నుంచి మళ్లీ ఎక్కాలి కదా.

వచ్చే నెల పెళ్లికి నాలుగు రోజులు రాజమండ్రి వెళ్లాలి. అందుకని టైమరుతో గుళికలు రాల్చే డబ్బా కొని ఈ వారం పరీక్షిస్తున్నాను. మొదటి రోజు గుళికలు నీటిపైన చెల్లాచెదురై అన్నీ క్లౌన్లు మింగేశాయి, అల్లుడుగారు రాతి రంధ్రంలో మూతి పెట్టి వెతుక్కుంటూ ఉన్నారు. డబ్బా కింద గరాటు పెట్టి, అందులోంచి ఒక గొట్టాన్ని ఏటవాలుగా రాతి దాకా దించాను. రెండో రోజు గుళికలు గొట్టంలో నీటిమట్టం దగ్గరే చెమ్మకు ఉండకట్టి ఆగిపోయాయి. నిన్న కొంచెం వెడల్పు గొట్టం వేసి, పైనుంచి సన్నగా గాలి వదిలాను. ఈ పొద్దున ఏడింటికి పన్నెండు గుళికలు రాలితే తొమ్మిది రాతి దగ్గరకు చేరాయి. ఏడు ఆయనవే.