మొదటి కీమోకి ముందున్న రెండు వారాలు

బయాప్సీలో రొమ్ము క్యాన్సరని తేలాక ఇంట్లోవాళ్ల పరుగంతా ఆపరేషన్ చుట్టూనే. మనిషికి 30 ఏళ్లే, ఇంకా పిల్లలు కావాలనుకుంటోంది అన్న సంగతి ఎవరూ ఎత్తరు. పర్లాకిమిడిలోనైనా రాయగడలోనైనా ఇదే వరస: "ముందు ప్రాణం దక్కనీ" అంటారు. మాట తప్పు కాదు. కానీ కీమోలో వాడే సైక్లోఫాస్ఫమైడ్ అండాశయంలోని అండాల నిల్వను తగ్గించేస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఆ దెబ్బ ఎక్కువ. అండాలు తీసి దాచుకునే దారి గురించి అడగాల్సింది కీమోకి ముందే.

క్యాన్సర్ డాక్టర్ని మొదట ఒకటే అడగండి: ఆపరేషన్ ముందా, కీమో ముందా? ఆపరేషన్ ముందైతే గాయం మానే వారాల్లో అండాలు తీసి దాచేయొచ్చు. కీమో ముందైతే రోజులు లెక్కపెట్టుకోవాలి.

నెలసరి కోసం ఆగక్కర్లేదు, ఏ రోజునైనా మొదలుపెడతారు. సుమారు 10 నుంచి 14 రోజులు అండాలు పెరిగేందుకు పొట్ట మీద చర్మం కింద హార్మోన్ ఇంజెక్షన్, రెండు మూడు రోజులకోసారి స్కాన్. హార్మోన్‌తో పెరిగే గడ్డకి మళ్లీ హార్మోనా అన్న భయం సహజమే. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ పెరగకుండా లెట్రోజోల్ మాత్ర, మామూలుగా రోజుకు 5 మి.గ్రా., తోడుగా ఇస్తారు.

పని చెడేది ఎక్కువగా చివర్లోనే. అండాల్ని చివరిగా పండించే ట్రిగ్గర్ ఇంజెక్షన్ రాత్రి 10కి అంటే 10కే వేయాలి. అక్కడినుంచి 35, 36 గంటలకు, అంటే ఎల్లుండి ఉదయం, మత్తిచ్చి సూదితో అండాలు తీస్తారు. ఆలస్యంగా వేస్తే అండాలు సరిగా పండవు. ముందే వేసేస్తే తీసేలోపే విడుదలైపోవచ్చు. గుణుపురం నుంచి రైల్లో వచ్చిపోతూ ఇది కుదిరే పని కాదు. ఆ రెండు వారాలూ విశాఖలోనో బరంపురంలోనో చుట్టాలింట్లో దిగిపోండి. కొన్ని ఇంజెక్షన్లు 2–8 డిగ్రీల్లో ఉండాలి: ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి, పైన మంచుగూట్లో పెడితే గడ్డకట్టి పాడవుతాయి. ప్రయాణంలో ఐసు ప్యాక్‌కి తువ్వాలు చుట్టండి, మందు మంచుకి ఆనకూడదు.

పెళ్లికాని అమ్మాయైతే అండాలే దాస్తారు. పెళ్లయినవాళ్లు అండాల్ని భర్త వీర్యంతో కలిపి పిండాలు దాచుకోవచ్చు గానీ వాటికి భర్త సంతకమూ కావాలి, రేపు వాడుకోవాలన్నా ఇద్దరూ ఒప్పుకోవాలి. కొన్ని అండాలు విడిగా ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం. (అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది ఆ అమ్మాయి ఇష్టం.) దాచేది -196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో. సంతాన సాయ చికిత్సల మీద వచ్చిన 2021 చట్టం ప్రకారం గడువు 10 ఏళ్లు. ఏటా కట్టాల్సిన నిల్వ ఫీజు ఎంతో ముందే రాయించుకోండి.

"28 రోజులకో గోసెరెలిన్ సూది చాలు" అని కొందరంటారు. ఇది అండాశయాన్ని కొన్నాళ్లు నిద్రపుచ్చే మందు. 3.6 మి.గ్రా. సూది, కీమోకి కనీసం వారం ముందు మొదలుపెడితే, అండాశయానికి కొంత కాపుదల. అండాల్ని మాత్రం దాచిపెట్టదు, రెండూ చేయించుకోవడం మంచిది.

హార్మోన్‌తో పెరిగే క్యాన్సర్‌కి తర్వాత ఇచ్చే, ఈస్ట్రోజెన్‌ని అడ్డుకునే మాత్ర టామోక్సిఫెన్ వాడుతుండగా గర్భం రాకూడదు. 18 నుంచి 30 నెలలు ఇలా హార్మోన్‌ని అడ్డుకునే మందు వాడి, గర్భం కోసం రెండేళ్లదాకా ఆపినవాళ్లలో తొలి మూడేళ్లలో క్యాన్సర్ తిరగబెట్టడం పెరగలేదని 2023లో వెలువడిన అధ్యయనంలో తేలింది. ఎప్పుడు ఆపాలో క్యాన్సర్ డాక్టరే చెప్పాలి. అందాకా నెలసరి ఆగిపోయిందని ధీమాగా ఉండొద్దు, అప్పుడూ గర్భం రావచ్చు. హార్మోన్ లేని కాపర్-టీ గానీ కండోమ్ గానీ వాడండి.