పద్నాలుగు ఫంక్షన్ల లెక్క

ఆషాఢం. నా డీజే సెట్ బేస్ బాక్సులు రెండూ వరండాలో దుప్పట్లు కప్పుకుని ఉన్నాయి. వాటిని కదిలించి మూడు వారాలు దాటింది. ఈ నెలలో పెళ్ళిళ్ళు ఉండవని తెలిసినా, పొద్దున లేవగానే ఫోను చూసుకోవడం మాత్రం మానలేకపోతున్నాను.

ఈరోజు కాఫీ ఇస్తూ అమ్మ అడిగింది. "నాయనా, రొట్టె వదలాల గదా. నెల్లూరికి ఎప్పుడు పోదాం?"

పోయినేడు మొహర్రం అప్పుడు, నెల్లూరు రొట్టెల పండుగలో, బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి వ్యాపార రొట్టె పట్టుకున్నాను. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె, ఎవరి కోరికను బట్టి వాళ్ళు ఆ రొట్టె అందుకుంటారు. కోరిక తీరితే మరుసటి ఏడు వచ్చి, అదే కోరికతో నీళ్ళలో నిలబడి ఉన్నవాళ్ళకు రొట్టె ఇవ్వాలి. అప్పటికి నా దగ్గర లాప్‌టాప్, పాటలు కలిపే పాత కంట్రోలర్ తప్ప ఏమీ లేవు. కార్తీకంలో అప్పు చేసి సెట్ కొన్నాను. రెండు టాప్స్ (మాట, పాట వినిపించే పై స్పీకర్లు), పద్దెనిమిది ఇంచుల బేస్ బాక్సులు రెండు, స్టేజీకి రంగులు వేసే పార్ లైట్లు నాలుగు, పొగ మిషను.

మరి కోరిక తీరినట్టా, తీరనట్టా? అమ్మకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. బీరువాలోంచి లాంగ్ నోట్‌బుక్కు తీసి లెక్క వేద్దామని కూర్చున్నాను.

ఎనిమిది నెలల్లో పద్నాలుగు ఫంక్షన్లు. తేదీ, ఊరు, మాట్లాడిన డబ్బు, అడ్వాన్సు, ఖర్చు, అన్నీ రాసుకున్నాను. పెద్ద సెట్‌కి పన్నెండు వేలు తీసుకుంటే టాటా ఏస్ బాడుగ, ఇద్దరు పిల్లల కూలి, డీజిల్ పోను చేతికి ఏడు వేలు మిగులుతుంది. ఒక్క సంగతి మాత్రం ఇన్నాళ్ళూ రాసుకోలేదు. ఆ బుకింగ్ నాకు ఎవరి ద్వారా వచ్చిందన్నది. ఈరోజు స్కేలు పెట్టి పక్కన ఇంకో గడి గీసి, ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని నింపాను.

బంధువుల వల్ల మూడు. మా చిన్నాయన షామియానా ద్వారా రెండు. ఇన్‌స్టాగ్రామ్ చూసి ఒకటి. ఫోటోగ్రాఫర్ అన్న పంపినవి నాలుగు. వేరే ఫంక్షన్లో నా సెట్ విని, అక్కడే నంబరు తీసుకున్నవాళ్ళవి నాలుగు. బస్టాండు దగ్గర కట్టిన ఫ్లెక్సీ వల్ల ఒక్కటీ లేదు. అచ్చు వేయించి కావలి అంతా పంచిన రెండు వేల కరపత్రాల వల్ల కూడా ఒక్కటీ లేదు.

ఈ అంకెలు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. నా టైమంతా రీల్స్ ఎడిట్ చేయడానికే పోతోంది. పాట పెట్టిన రీల్ సగం సార్లు మ్యూట్ అవుతుంది. అవి చూసి ఫోన్ చేసేవాళ్ళు హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి చేస్తారు, రేటు అడిగి పెట్టేస్తారు. ఇక్కడ అల్లూరులో, బిట్రగుంటలో, జలదంకిలో ఫంక్షన్ చేసే ఇంటి పెద్ద రీల్ చూసి డీజేని పిలవడు. "ఆ అబ్బాయి ఎట్టాంటోడు?" అని తనకు తెలిసిన మనిషిని అడుగుతాడు. ఆ అడిగేది ఎవర్ని? ఫోటోలవాళ్ళను, షామియానావాళ్ళను, వంట మాస్టరును, మండపం మేనేజరును. మనకన్నా ముందు ఆ ఇంటి గడప తొక్కేది వాళ్ళే.

ఫోటోగ్రాఫర్ అన్న నన్ను ఎందుకు పంపుతున్నాడో నాకు తెలుసు. డిసెంబరులో ఒక రిసెప్షన్‌కి లైట్లు వేసే ముందు ఆయన దగ్గరికి పోయి, "అన్నా, ఏ టైములో లైట్లు ఆపమంటారు?" అని అడిగాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఫోటోలు తీస్తున్నాడట, ఒక్క డీజే కూడా ఆ మాట అడగలేదట. ఎర్ర లైటు, పచ్చ లైటు పెళ్ళికూతురు మొహం మీద పడితే ఆ ఫోటోను ఎంత దిద్దినా మామూలు రంగు రాదు. లేజరు నేరుగా లెన్సులోకి కొడితే కెమెరా సెన్సారే పోవచ్చు. దండలు మార్చుకునేటప్పుడు, కేక్ కోసేటప్పుడు రంగులన్నీ ఆపి తెల్ల లైటు ఒక్కటే స్టేజీ మీద ఉంచుతాను. పొగ మిషను అయితే ఆయన చెయ్యి ఊపేవరకు ముట్టుకోను. ఇంతకు మించి ఆయనకు నేను చేసిందేమీ లేదు. కమీషన్ ఇస్తానంటే కూడా వద్దన్నాడు.

అల్లూరు ఓణీల ఫంక్షన్ గురించి వివరంగా రాసుకోవాలి. మాఘమాసంలో అది. ఇంటి ముందు పందిరి, పక్కన వరి కోసిన మడి. పిల్లలందరూ బేస్, బేస్ అని అరుస్తున్నారు. నేను బాక్సులు దించిన చోటికి ఎదురుగానే ఒక కిటికీ ఉంది. లోపల మంచం మీద ఒక తాత. గుండె ఆపరేషన్ అయి రెండు నెలలు. ఎవరూ నాకు చెప్పలేదు. కరెంటు వైరు లాగడానికి లోపలికి పోయినప్పుడు చూశాను.

బాక్సులు ఎత్తించి పందిరి అవతలి కొసన, మొహం మడివైపు తిప్పి పెట్టించాను. ఖాళీ స్థలంలో దూరం రెట్టింపు అయ్యేకొద్దీ శబ్దం ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. బేస్ మాత్రం వెనక్కి కూడా పాకుతుంది, అందుకని దాన్ని సగానికి దించాను. నాతో వచ్చిన పిల్లలు గొణిగారు, మళ్ళీ మోయాలి గదా. తర్వాత ఆ అమ్మాయి అవ్వ దగ్గరికి పోయి, "అవ్వా, మీ పెళ్ళప్పుడు ఏం పాటలు ఉండేవి?" అని అడిగాను. ఆమె నవ్వి రెండు చెప్పింది. ఫంక్షన్ ఆ రెండు పాటలతోనే మొదలుపెట్టాను. వయసు మళ్ళినవాళ్ళు కుర్చీల్లో కూర్చునే తల ఊపారు. భోజనాలు అయ్యాక పిల్లల పాటలకి మార్చాను. పదికి అయిదు నిమిషాల ముందే మైకులో చెప్పి, పదికి ఆపేశాను.

ఆ ఒక్క ఫంక్షన్ నుంచి నాకు మూడు బుకింగులు వచ్చాయి. మూడూ అల్లూరే. పిలిచినవాళ్ళలో ఒక్కరు కూడా సౌండ్ అదిరింది అనలేదు. "మా ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారు, అందుకే నిన్ను పిలుస్తుండాం" అన్నారు. డీజేని కోరేది పిల్లలే అయినా, డబ్బిచ్చేదీ ఒప్పుకోవాల్సిందీ పెద్దవాళ్ళు. ఈ సంగతి కార్తీకంలోనే తెలిసి ఉంటే ఫ్లెక్సీ డబ్బులన్నా మిగిలేవి.

ఫాల్గుణంలో జరిగింది కూడా దాచకుండా రాయాలి. ఒక మండపంలో కరెంటు పోయి జనరేటరుకి మారేటప్పుడు పాటనూ మైకునూ కలిపి స్పీకర్లకు పంపే నా మిక్సరు ఆగిపోయింది. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, మిక్సరుకి ఏముంటుంది? పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు స్టేజీ ఎక్కుతుండగా రెండు నిమిషాలు పూర్తిగా నిశ్శబ్దం. ఆ రెండు నిమిషాలు నా చేతులు వణికాయి. మరుసటి రోజు వాళ్ళ ఇంటికి పోయి తప్పు ఒప్పుకుని, వెయ్యి రూపాయలు వెనక్కి ఇచ్చాను. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు, కానీ వాళ్ళ వైపు నుంచి ఇప్పటిదాకా ఒక్క ఫోన్ రాలేదు. ఆ వారమే, కరెంటు పోయినా మిక్సరు ఆగకుండా బ్యాటరీతో నడిపే యూపీఎస్ కొన్నాను.

భోజనం చేసి మధ్యాహ్నం బండేసుకుని బయలుదేరాను. ఈ నెలలో మండపాలవాళ్ళు ఖాళీగా ఉంటారు, నిదానంగా మాట్లాడతారు. సీజన్లో పోతే తలెత్తి చూడరు. ఒక కాగితం మీద నా సెట్ మొత్తం ఎన్ని వాట్లు లాగుతుంది, ఎన్ని ప్లగ్గులు కావాలి, బిగించడానికి ఎంత టైము పడుతుంది అన్నీ రాసి తీసుకెళ్ళాను. విజిటింగ్ కార్డు ఇస్తే సొరుగులో వేస్తారు. ఈ కాగితాన్ని మాత్రం మండపం మేనేజరుగా ఉన్న పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. పోయినేడు ఎవరో డీజే లోడు ఎక్కువ లాగి మెయిన్ కాలబెట్టాడట.

"పదింటికి ఆపుతావా?" ఆయన మొదట అడిగింది ఇదే.

ఆపుతానని చెప్పాను. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్యం రూల్స్ ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. ఇళ్ళ మధ్య అయితే పగలు 55 డెసిబెల్సే హద్దు, రాత్రి 45. పర్మిషన్ అర్జీ నేనే రాసి పార్టీవాళ్ళ చేత సంతకం పెట్టించి స్టేషన్లో ఇస్తానని కూడా చెప్పాను. ఆయన మొహంలో కొంచెం తేడా కనిపించింది. పదిన్నరకి పోలీసులు వస్తే మాట పడేది ఆయనే గదా.

తర్వాత పాటల లైసెన్సు గురించి అడిగాడు. ఎవరో వచ్చి పెళ్ళికి కూడా డబ్బు కట్టాలని భయపెట్టారట. అది నేను ముందే చదివి పెట్టుకున్నాను. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లోనే పెళ్ళి ఊరేగింపుకీ, పెళ్ళికి సంబంధించిన వేడుకలకీ మినహాయింపు ఉంది. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం అదే మాట మళ్ళీ నోటీసు ఇచ్చి చెప్పింది. టికెట్ పెట్టి చేసే న్యూ ఇయర్ పార్టీలాంటివి వేరే, వాటికి లైసెన్సు తీసుకోవాల్సిందే. ఇది వింటూ ఆయన నాకు టీ తెప్పించాడు. బుకింగ్ ఇస్తానని అనలేదు, నేనూ అడగలేదు. నా కాగితం మాత్రం గోడ మీద క్యాలెండరు పక్కన గుచ్చాడు. శ్రావణంలో చూడాలి.

వచ్చేటప్పుడు చిన్నాయన గోడౌన్ దగ్గర ఆగాను. ఆరు వేలకే వస్తానని చెప్పి నా దగ్గర ఖాయమైన ఒక రిసెప్షన్‌ను వేరేవాళ్ళు లాక్కున్న సంగతి ఆయనకు తెలుసు. నన్ను కూడా రేటు దించమంటాడేమో అనుకున్నాను.

"దించబాకరా. ఒకసారి దించితే ఆ ఊళ్ళో ఇంక అదే నీ రేటు" అన్నాడు. "చిన్న పనికి చిన్న సెట్ పెట్టు. పెద్ద సెట్‌ని చిన్న రేటుకి ఇయ్యబాక."

ఆ మాట తలకెక్కింది. ఇంటికొచ్చి నోట్‌బుక్కు మళ్ళీ తీశాను. పద్నాలుగులో పదకొండు ముహూర్తాల రోజుల్లోనే పడ్డాయి. అదే రోజులకు ఇంకో ఆరుగురు అడిగితే కుదరదని చెప్పాను. మంచి ముహూర్తం రోజు ఈ జిల్లాలో ఏ డీజే ఖాళీగా ఉండడు. కొత్త బుకింగులు రావాల్సింది మిగతా రోజుల్లో. పెళ్ళికి ముందు రోజు హల్దీ, ఆదివారం పుట్టినరోజులు, కాలేజీ ఫ్రెషర్స్, బడిలో మాస్టర్ల రిటైర్మెంటు సభ. వీటికి పంతులు పెట్టే ముహూర్తం అక్కర్లేదు. ఈ ఆషాఢంలోనే రెండు టాప్స్, ఒక మైకు, రెండు లైట్లు విడిగా కట్టి చిన్న సెట్ చేస్తాను. అయిదు వేలు. ఆటోలో పట్టేస్తుంది, జనరేటరు అక్కర్లేదు. రిటైర్మెంటు సభకి కావాల్సింది బేస్ కాదు, మాట స్పష్టంగా వినపడే మైకు.

ఆరు గంటలప్పుడు ఫోన్ మోగింది. ఉలవపాడు నుంచి. శ్రావణంలో రిసెప్షన్. తేదీ చెప్పగానే గుండె జారింది, ఆ రోజుకు బోగోలులో ఇప్పటికే అడ్వాన్సు తీసుకుని ఉన్నాను. ఒక్క క్షణం రెండూ ఒప్పుకుని పిల్లల్ని ఒకదానికి పంపుదామా అనిపించింది. పంపితే అక్కడ అవ్వను ఎవరు పలకరిస్తారు, కిటికీ ఎవరు చూస్తారు? నాకు వేరే ఫంక్షన్ ఉందని ఉన్నమాట చెప్పి, కందుకూరులో నాకు తెలిసిన ఒక డీజే నంబరు ఇచ్చాను. అతనికీ ఫోన్ చేసి చెప్పాను. బాగా వాయిస్తాడు, టైముకి వస్తాడు. పెట్టేసే ముందు ఉలవపాడు ఆయన్ని, "మా నంబరు మీకు ఎవరిచ్చారండీ?" అని అడిగాను. అల్లూరు అవ్వ వాళ్ళ వియ్యాలవారట.

రాలేని బుకింగే అయినా నోట్‌బుక్కులో రాశాను. పేరు, ఊరు, ఎవరి ద్వారా.

అమ్మ వంటింట్లో గోధుమపిండి జల్లిస్తోంది. రేపు పొద్దున రైలుకే పోదామని చెప్పేశాను. ఎన్ని రొట్టెలు చేయమంటావని అడిగితే అయిదు చాలన్నాను. అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు, పది చేస్తానంది. నీళ్ళలో నిలబడి వ్యాపార రొట్టె, వ్యాపార రొట్టె అని గట్టిగా పిలవాలట, లేకపోతే కావాల్సినవాళ్ళకు వినపడదట. ఇంకో పాత చొక్కా కూడా సంచిలో పెట్టుకోమంది, నడుము దాకా తడుస్తాం గదా అని.