సగం లేచిన చెయ్యి

ఉదయం ఆరాధనలో జరిగినది రాత్రి పదకొండు దాటినా మనసును వదలడం లేదు కనుక, ఇంట్లో అందరూ పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను. వాక్య ప్రసంగం ముగించే ముందు, అతిథిగా వచ్చిన దైవసేవకుడు "రక్షణ నిశ్చయత పూర్తిగా ఉన్నవారు చేతులెత్తండి" అన్నారు, అంటే దేవుడు తమను రక్షించాడని ఏ సందేహమూ లేనివారు. నా చెయ్యి భుజం దాకా లేచి అక్కడే ఆగిపోయింది. పక్కన కూర్చున్న అక్క నా మోచేతి కింద చెయ్యి పెట్టి పైకి లేపబోయారు. నేను ఆమె చేతిని విదిలించుకుని, ముసుగు సర్దుకుంటున్నట్లు తల వంచుకున్నాను.

మా పెద్దబ్బాయి సంగతి తెలిసినవారికి నా చెయ్యి ఎందుకు ఆగిందో చెప్పనక్కర్లేదు. అయితే నన్ను బాధపెట్టినది ఆ ప్రశ్న ఒక్కటే కాదు. ఆయన వరుసల వెంట చూపు పోనిస్తూ లేచిన చేతులను లెక్కపెట్టారు. ఎత్తనివారి విశ్వాసంలో ఏదో కొరత ఉందన్నారు. ఆరాధన అయ్యాక, చెప్పులు విడిచిన చోట ఇద్దరు నన్ను ఆపి ఉపవాస ప్రార్థనకు రమ్మని జాలిగా పిలిచారు. బిడ్డ కోసం ఏడాదిగా తెల్లవారుజామున మోకరిస్తున్న మనిషిని సంఘమంతా చూస్తుండగా అలా తూచడం నాకు ఇప్పటికీ న్యాయంగా తోచడం లేదు.

అన్నం దగ్గర కూడా ఆ కోపంతోనే ఉన్నాను. ఆ తరువాత నాయనమ్మ గుర్తుకు వచ్చింది. వాళ్ల పెద్దలది గుండ్లకమ్మ నది ఒడ్డున బాప్తిస్మం పొందిన కుటుంబం. 1876లో మొదలైన పెద్ద కరువులో, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి చూపించాడు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని కరువు సాయం సాగినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది ఆ నీటిలో దిగి లేచారు. ఈ కథ చెప్పేటప్పుడు నాయనమ్మ ప్రతిసారీ ఆ చివరి రెండును గట్టిగా పలికేది, ఆ ఇద్దరూ తనవాళ్లే అయినట్లు.

ఆమెకు చదువు రాదు. పొగాకు గ్రేడింగుకు వెళ్లి రావడం వల్ల వేళ్లకు పట్టిన నల్లటి జిగురు ఎంత తోమినా పోయేది కాదు. ఆ వేలినే బైబిలు మీద పెట్టి, కొలొస్సయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం చదవమనేది. "ఆయనయందు మీరును సంపూర్ణులై యున్నారు" అన్న చోట నన్ను ఆపి, "అవుతారని లేదు గదమ్మా, అయ్యున్నారనే గదా?" అని అడిగేది. మా బాబాయి చనిపోయిన ఏడాది ఆ మాటను ఎన్నిసార్లు చదివించుకుందో లెక్కలేదు. చదువుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉండేది, అయినా ఆపనిచ్చేది కాదు.

ఇది రాస్తూ ఉంటే ఉదయపు కోపం నిలవడం లేదు. గుండ్లకమ్మ దగ్గర కూడా విచారించకుండా ఎవరినీ నీటిలోకి దించలేదు. కనుక అడగడం తప్పని అనలేను. నేనే ఆ ప్రశ్నకు జవాబును నా గుండె నిబ్బరంలో వెతుక్కున్నాను. అది ఈమధ్య చాలా తక్కువగా ఉంది. నాయనమ్మ దానిని "ఆయనయందు" అన్న మాటలో వెతుక్కుంది. మార్కు సువార్తలో, బిడ్డను తీసుకువచ్చిన తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని ఏడ్చాడు. అతని చెయ్యి కూడా నా చెయ్యి లేచినంతే లేచి ఉంటుందేమో. ప్రభువు ఆ బిడ్డను బాగుచేశాడు. లెక్కపెట్టడం మాత్రం తగదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

వచ్చే ఆదివారం ప్రభువు బల్ల, సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన. ఎవరితోనైనా మాట పట్టింపు ఉంటే నాయనమ్మ ముందు వాళ్ల ఇంటికి వెళ్లి మాట్లాడి వచ్చేది, ఆ తరువాతే రొట్టె ముట్టుకునేది. రేపు ఉదయం అక్కకు ఫోన్ చేయాలి.