మీగడ లెక్క

మా అత్తయ్యకి ప్యాకెట్ పాలు ఆనవు. నెల్లూరులో ఉన్నన్నాళ్లూ ఇంటిముందు నిలబడి పిండించుకున్న పాలే. చెన్నై వచ్చాక కూడా వేళచ్చేరిలో రెండు వీధుల అవతల ఒక పశువుల కొట్టం వెతికి పట్టుకుంది. ఆ పాలు కాచి చల్లార్చి, సాయంత్రం గిన్నె నా ముందుకి తోసి "చూడమ్మా, మీగడ రొట్టెలా కట్టింది" అంటుంది. నేను ఊఁ అంటాను. నా ఉద్యోగమే ఆ మీగడ గురించని ఆవిడకి చెప్పడానికి చాన్నాళ్లు పట్టింది.

డయాక్సిన్లు, పీసీబీలు అనే విష రసాయనాలు, ఎప్పుడో చల్లిన డీడీటీ పురుగుమందు లాంటివి ఆవు మేతలోంచి పాలలోకి ఎంత వస్తాయో కంప్యూటర్ మీద లెక్కకట్టడం నా పని. చెత్త తగలబడితే డయాక్సిన్లు పుట్టి బూడిదతో పాటు గడ్డి మీద వాలతాయి, ఆవు ఆ గడ్డితో కాస్త మట్టి కూడా మింగుతుంది. ఇవి నీళ్లలో దాదాపు కరగవు, అందుకని మూత్రంలో పోవు, ఒంట్లో కొవ్వు ఎక్కడుంటే అక్కడికి చేరతాయి. పాడి ఆవు ఒంట్లోంచి రోజూ బయటికి పోయే కొవ్వేమో పాలలోనే ఉంది. కాస్తే పోయేవి కావు. మాకు దగ్గర్లోనే ఉన్న పెరుంగుడి చెత్తదిబ్బ చుట్టుపక్కల తల్లుల పాలలో డయాక్సిన్లు ఎక్కువున్నాయని, ఆవుపాలు అందుకు ఒక దారి కావచ్చని 2004లో ఒక పరిశోధన వచ్చింది. అత్తయ్య కొనే పాలలో ఉన్నాయని నేననడం లేదు, వాటిని పరీక్ష చేయించలేదు.

చేరిన కొత్తలో నా పరువు తీసిన లెక్క ఒకటుంది. ఆక్టనాల్ అనే నూనెలాంటి ద్రవాన్ని, నీళ్లని కలిపి అందులో రసాయనం వేస్తే, నీళ్లలో కంటే ఆక్టనాల్‌లో ఎన్ని రెట్లు చేరిందో దాన్నిబట్టి కొవ్వు మీద దాని ప్రేమ తెలుస్తుంది. పది లక్షల రెట్లయితే 6, పది కోట్ల రెట్లయితే 8, అంటే సున్నాల లెక్కన్నమాట. ఆ అంకె పెరిగేకొద్దీ పాలలోకి వచ్చేదీ అదే వరసలో పెరుగుతుందని 1988లో ట్రావిస్, ఆర్మ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సూత్రం ఇచ్చారు. నేను అంకె 8 ఉన్న బరువైన డయాక్సిన్‌ని, రోజుకి 8 లీటర్లిచ్చే ఆవుని ఆ సూత్రంలో పెట్టాను. ఆవు తిన్నదానికి ఆరు రెట్లు పాలలో వచ్చింది! కామధేనువే, కాకపోతే విషం ఇచ్చే రకం. షీటు మూడుసార్లు తిరగేశాను, ఎక్కడా కూడిక తప్పలేదు, టెన్షన్‌తో అన్నం సయించలేదు. తీరా చూస్తే తప్పు పేగు దగ్గర ఉంది. ఆ అంకె ఆరున్నర దాటాక పేగు గోడ దాటడమే కష్టమై, చాలా భాగం పేడలో పోతుంది. సూత్రాన్ని అది చెల్లని చోటికి లాగింది నేనే.

ఇప్పుడు ముందు కాగితం మీద వేసుకుంటాను. 400 కిలోల ఆవులో కొవ్వు 40 కిలోలనుకుందాం. 8 లీటర్లు, 4 శాతం వెన్న, అంటే రోజుకి 320 గ్రాముల కొవ్వు బయటికి పోతుంది. ఒంటి కొవ్వులో ఎంత చిక్కగా ఉందో పాల కొవ్వులోనూ అంతే ఉందనుకుంటే, ఇవాళ మేత మార్చినా లోపలున్నది సగానికి తగ్గడానికి దాదాపు 87 రోజులు. అదే 30 లీటర్లిచ్చే, 90 కిలోల కొవ్వున్న సీమ ఆవుకైతే 52 రోజులు చాలు. తక్కువ పాలిచ్చే ఆవు మెల్లగా ఖాళీ అవుతుంది.

మొన్న ధైర్యం చేసి ఇదంతా అత్తయ్యకి చెప్పాను. మీగడ చెంచాతో తీస్తూ విని, "మరి వట్టిపోయిన నెలల్లో పాలే ఉండవు కదా, అప్పుడెటు పోతుంది? ఈనగానే ఆవు చిక్కిపోతుంది, ఆ కొవ్వు కరిగి ఎక్కడికొస్తుంది? దూడ తాగే జున్నుపాలలోకేనా?" అంది.

అవును, అక్కడికే. నా షీట్లో ఆవు ఏడాది పొడుగునా ఒకే బరువుతో, రోజూ ఒకే 8 లీటర్లిస్తూ ఉంది. ఈ వారం ఆ రెండు వరసలు తెరిచి ఈతల ప్రకారం మారుస్తున్నాను.