కినోసాకి విల్లోల కింద

ఒసాకాలో ఉంటున్న అక్కను నేను అడిగింది ఒక్కటే: నాకు యనగి చూపించమని. విల్లో చెట్టును జపాన్‌లో అలా పిలుస్తారు. మనకు విల్లో అంటే క్రికెట్ బ్యాటే. ఏప్రిల్‌లో ఒక ఉదయం ఎక్స్‌ప్రెస్ రైలెక్కి, మూడు గంటల లోపే వేడినీటి ఊటల ఊరు కినోసాకి ఒన్సెన్‌లో దిగాం.

ఊరి మధ్యలోంచి ఒటానీ అనే చిన్న ఏరు పారుతుంది. దాని గట్ల వెంట విల్లోలు, తలంటుకుని జుట్టు ఆరబోసుకున్నట్టు. ఒక కొమ్మను చేతిలోకి తీసుకున్నాను. ఆకు వేలెడంత, సన్నగా, కొస వాడిగా ఉంది. పైన లేత పచ్చ, అడుగున బూడిద రాసినట్టు తెలుపు. సాషిమీకి, అంటే పచ్చిగా తినే చేప ముక్కలకు, వాడే పొడుగాటి కత్తికి యనగిబా అనే పేరు ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది.

ఇక్కడ ఊరందరివీ అయిన వేడినీటి స్నానశాలలు ఏడు. వాటిలో చిన్నది యనగి-యు. చైనాలోని పశ్చిమ సరస్సు నుంచి తెచ్చి నాటిన విల్లో కింద ఈ నీళ్లు ఉబికాయని చెప్పుకుంటారు. 1925 భూకంపంలో, వెంటనే లేచిన మంటల్లో ఊరు నాశనమైపోతే మళ్లీ కట్టుకున్నారు.

చీకటి పడ్డాక గట్టు మీద నడుస్తుంటే అక్క, "ఇక్కడ దయ్యాలు విల్లో కిందే ఉంటాయటే" అంది. మా ఊరి చింతచెట్టు గుర్తొచ్చి అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

పొద్దున బస యజమానురాలు టీ పోస్తూ ఒక సామెత చెప్పింది: "యనగి ని యుకిఒరె నాషి." ఎంత మంచు పడ్డా విల్లో కొమ్మ విరగదని. చలికాలంలో ఇక్కడ మంచు బాగా పడుతుంది. కొమ్మ ఇంకాస్త కిందికి వంగుతుంది, మంచు జారిపోతుంది. ఆమె అరచేతిని వాల్చి చూపించింది.

తిరుగు ప్రయాణంలో తొయొఒకాలో ఆగాం. ఇప్పుడు బ్యాగులకు పేరున్న ఈ ఊళ్లో అంతకుముందు విల్లో పుల్లల పెట్టెలు అల్లేవారు. ఆ పుల్లలు వేరే రకం విల్లోవి, అది కొమ్మలు వేలాడే చెట్టు కాదు. బెరడు ఒలిచిన పుల్లలను వరసగా పేర్చి నార దారంతో అల్లుతారు. దుకాణంలో పెద్దాయన ఒక బుట్ట మూతను అరచేత్తో అదిమి వదిలాడు. సొట్ట పడలేదు, మళ్లీ పైకి లేచింది.

చిన్నది ఒకటి కొన్నాను. ఇప్పుడు అమ్మ పూజకు మందారాలు కోసేది అందులోకే.